ట్యాపెట్ కవర్ మీద 2400

శనివారం, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

ఇవాళ 1972 డాట్సన్ 240జెడ్ ఒకటి చూసొచ్చాను. డాట్సన్ అనగానే మన ఊళ్లో గుర్తొచ్చేది ఆ చిన్న ‘గో’ కారు. 2014లో వచ్చి 2022లో ఆగిపోయింది, దాని గురించి ఎవరూ పెద్దగా బాధపడినట్టు లేరు. ఇది వేరే వంశం. పొడుగాటి ముక్కు, రెండే సీట్లు, బానెట్ కింద వరసగా ఆరు సిలిండర్లు. 1970లో అమెరికాకి వచ్చినప్పుడు దీని ధర 3,526 డాలర్లు. ఇప్పుడు ఆ డబ్బుకి దీని డోర్లు, సీట్లు కూడా సరిగ్గా రావు.

అమ్ముతున్నాయన రిటైరైన పెద్దమనిషి. కారు వాళ్ల తమ్ముడిది. తమ్ముడు పోయాక గరాజ్‌లో ఉండిపోయింది. ప్రకటనలో ‘ఇంజన్ మార్చారు, నడుస్తుంది’ అని మాత్రం రాశారు. ఏ ఇంజనో, ఎప్పుడు మార్చారో అడిగితే, “అదంతా వాడికే తెలుసు” అని చేతులెత్తేశారు. కాగితాలేమీ లేవు. తెలియనిది తెలుసని చెప్పి అంటగట్టేవాళ్లకంటే ఈయన నయం.

వెళ్లేటప్పుడే బాబాయ్‌కి వీడియో కాల్ చేసి పెట్టుకున్నాను. ఇక్కడ పొద్దున్న తొమ్మిదైతే విజయవాడలో రాత్రి తొమ్మిదిన్నర. భోంచేసి మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆటోనగర్‌లో చాలా ఏళ్లు ఇంజన్ బోరింగ్ షెడ్డు నడిపిన మనిషి. డాట్సన్ జన్మలో ముట్టుకోలేదు గానీ, ఇనుము ఏ దేశానిదైనా ఒకటే అంటాడు.

బానెట్ ఎత్తగానే కనబడింది ట్యాపెట్ కవర్ మీద, అంటే ఇంజన్ పైమూత మీద ‘2400’. 2.4 లీటర్ల ఇంజన్ అని దానర్థం. అల్యూమినియం మెరిసేలా పాలిష్ చేశారు. సిలిండర్లుండే బ్లాక్‌కి నిస్సాన్ (డాట్సన్ వాళ్లదే) నీలం రంగు కొత్తగా కొట్టారు. పెద్దాయన సంబరంగా, “చూశారా, అసలుదే పెట్టినట్టున్నాడు” అన్నారు. ఈ ఇంజన్లలో 2.4, 2.6, 2.8 లీటర్లు మూడూ ఒకే కుటుంబం. ట్యాపెట్ కవర్ బోల్టులు విప్పితే దాని మీంచి దీని మీదికి వచ్చేస్తుంది. నీలం రంగు డబ్బాలో దొరుకుతుంది. నేను ఇంకా నోరు తెరవకముందే ఫోన్లోంచి బాబాయ్, “ఒరేయ్, మూత చూసి బియ్యం కొంటావా? నంబర్ చూడు ముందు” అన్నాడు.

నంబర్ రెండు చోట్ల చూడాలి. ఒకటి బానెట్ కింద బిగించిన రేకు పలక. దాని మీద హెచ్‌ఎల్‌ఎస్30తో మొదలయ్యే బండి నంబర్, ఫ్యాక్టరీలో పెట్టిన ఇంజన్ నంబర్, 2393 సీసీ అని ఉంటాయి. ఇంజన్ ఉన్నా పోయినా ఆ పలక అలాగే ఉంటుంది. రెండోది బ్లాక్ మీద గుద్దిన నంబర్. ప్లగ్గులుండే కుడివైపు, వెనక సిలిండర్ దగ్గర, బ్లాక్ మీద మూతలా కూర్చునే హెడ్ కిందనే. అక్కడ రంగు దట్టంగా పట్టేసి ఏమీ కనబడలేదు. బ్రేక్ క్లీనర్ కొట్టి ఇత్తడి బ్రష్‌తో రుద్దినా సగమే తేలింది.

“టేపుంటే అంటించి పెన్సిల్‌తో రుద్దు. ఆర్టీవో ఆఫీసు ముందు చాసిస్ ప్రింట్ తీస్తారే, అలా” అన్నాడు బాబాయ్.

పెద్దాయన మనవరాలి దగ్గర పెన్సిల్ తెచ్చారు. తెల్లటేపు మీద మెల్లగా అడ్డంగా రుద్దితే ఎల్, 2, 8, తర్వాత వరస నంబర్ వచ్చాయి. పలక మీద ఉన్నది ఎల్24. అంటే ఇప్పుడు లోపలున్నది అసలుది కాదు, ఎల్28 అనే 2753 సీసీ ఇంజన్. ఆయన ఆ టేపు ముక్క తీసుకుని వెలుగులో పెట్టి చాలాసేపు చూసుకున్నారు. మన ఆర్సీలో ఇంజన్ నంబర్ కూడా ఉంటుంది, మారిస్తే రాయించుకోవాలి. కాలిఫోర్నియా టైటిల్‌లో (యాజమాన్య పత్రం) బండి నంబరే ఉంటుంది, ఇంజన్ ఊసే ఉండదు. పైగా 1975, అంతకు ముందు కార్లకి ఇక్కడ పొగ పరీక్ష లేదు. కాబట్టి యాభై ఏళ్లలో ఎవరేం మార్చినా అడిగినవాడు లేడు. బండి నంబర్ డాష్‌బోర్డు మీద, ఫైర్‌వాల్ మీద, టైటిల్‌లో ఒకటే ఉంది. అది చాలు నాకు.

కొంతమంది ఇక్కడితో ఆగిపోతారు. ‘ఒరిజినల్ ఇంజన్ కాదు, విలువ పడిపోయింది’ అని లెక్క వేసుకుని వెళ్లిపోతారు. షోలో పెట్టి తాడు కట్టుకునేవాళ్లకి ఆ లెక్క సరే. నడుపుకునేవాడికి ఎల్28 వరమే. అదే మౌంట్ల మీద కూర్చుంటుంది, పాత కార్బ్యురేటర్లు అలాగే పడతాయి, టార్క్ బాగా ఎక్కువ. గేర్‌బాక్స్ కూడా అయిదు గేర్లది ఉంది. 1972లో అమెరికాకి వచ్చిన వాటికి నాలుగే. బహుశా రెండూ ఒకే పాత 280జెడ్ఎక్స్ (ఇదే వంశంలో తర్వాత వచ్చిన 2.8 లీటర్ల కారు) నుంచి దించి ఉంటాడు. ఆ తమ్ముడు నాకు నచ్చాడు.

కానీ ఎల్28 అని తెలియడంతో పని అయిపోలేదు. ఈ ఇంజన్లో ఏ బ్లాక్ మీదైనా ఏ హెడ్ అయినా కూర్చుంటుంది, చిక్కంతా అక్కడే. బ్లాక్ పోతలోనే ఎఫ్54 అని గుర్తుంది. అది 1981 నుంచి 1983 దాకా వచ్చిన 280జెడ్ఎక్స్‌ది. టర్బో బండికీ అదే బ్లాక్, టర్బో లేనిదానికీ అదే. తేడా పిస్టన్లలో. టర్బోకి పైన గుంట ఉంటుంది, మామూలుదానికి చదునుగా ఉంటుంది. ప్లగ్గు రంధ్రంలోంచి స్ట్రా పెట్టి స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) కొలవమన్నాడు బాబాయ్. 2.4కి 73.7 మిల్లీమీటర్లు, 2.8కి 79. అయితే ప్లగ్గులు ఏటవాలుగా ఉండటంతో స్ట్రా కూడా వంకరగా దిగి కొలత తప్పు చెబుతుంది. నా దగ్గర ఫోన్‌కి తగిలించే చిన్న కెమెరా ఉంది, అది దించాను. నల్లటి మసి కింద పిస్టన్ తల చదునుగా కనబడింది. అంటే టర్బో కాదు.

చివరికి హెడ్. ఒకటి, రెండు ప్లగ్గుల మధ్య పోత గుర్తు ఉంటుంది. పీ79 అని ఉండాలని కోరుకున్నాను, ఎందుకంటే ఆ బ్లాక్‌తో ఫ్యాక్టరీలో వచ్చిన జత అది. ఎన్42 అని ఉంది. అది 280జెడ్ఎక్స్‌కి ముందొచ్చిన 1975, 76 నాటి 280జెడ్‌ది. దాని చాంబర్, అంటే పెట్రోలు మండే చోటు, చిన్నది. అప్పటి గుంట పిస్టన్లతో కంప్రెషన్ (గాలీ పెట్రోలూ ఎన్నో వంతుకి నొక్కుకుపోతాయన్న లెక్క) 8.3 వచ్చేది. ఇప్పుడు చదును పిస్టన్ల మీద పెడితే పది దాటుతుంది. కాగితం మీద బ్రహ్మాండంగానే ఉంటుంది. అయితే ఇక్కడి బంకుల్లో దొరికే ప్రీమియం పెట్రోలు ఆక్టేన్ 91. అంత ఒత్తిడికి అది తట్టుకోకపోతే వేళకి ముందే అంటుకుని ఇంజన్‌లో చప్పుడొస్తుంది, దాన్నే నాకింగ్ అంటారు.

“ఎక్కడన్నా ఎత్తు ఎక్కించి చూడు, నాకింగ్ చేసుద్ది” అన్నాడు బాబాయ్ ఆవలిస్తూ.

పెద్దాయన పక్కన కూర్చున్నారు. నైల్స్ కాన్యన్ మీదుగా పాలొమారెస్ రోడ్డు ఎక్కాను. రోడ్డు బాగుంటే ఈ కారు ఎంత తియ్యగా పోతుందో రాయాలంటే ఇంకో పేజీ కావాలి. స్టీరింగ్‌లో పవర్ అసిస్ట్ లేదు, రోడ్డులో ప్రతి గరుకూ చేతికి తెలుస్తుంది. అద్దాలు దించుకుని నాలుగో గేర్‌లో ఎత్తు మీద నిండుగా తొక్కితే మొదలైంది సన్నగా, గలగలమని. కాలు తీస్తే పోయింది. మళ్లీ తొక్కితే మళ్లీ వచ్చింది. ట్యాంకులో ఉన్నది ప్రీమియమే, వాళ్లబ్బాయి నిన్ననే పోశాడట. దీన్ని పట్టించుకోకుండా ఎండల్లో లాగిస్తే పిస్టన్ రింగుల దగ్గర అంచులు విరుగుతాయి. టైమింగ్ (ప్లగ్గు నిప్పు పెట్టే సమయం) కాస్త వెనక్కి జరిపితే తగ్గుతుంది గానీ అసలు పెట్టుకున్న పవర్ కూడా తగ్గుతుంది. సరైన పని హెడ్ దించి పీ79 పెట్టడం.

తిరిగొచ్చాక ఇదంతా పెద్దాయనకి విడమరిచి చెప్పాను. ధర తగ్గించడానికి కథ చెబుతున్నాననుకుంటారేమో అని టేపు ముక్క, కెమెరాలో తీసిన ఫొటోలు ఆయన ఫోన్‌కే పంపాను. ఇక ఎవరు కొనడానికొచ్చినా ఆయన దగ్గర చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. హెడ్ పని ఖర్చు కింద అడిగిన ధరలో రెండు వేల అయిదు వందల డాలర్లు తగ్గించమన్నాను. “వాడు ఎన్ని రాత్రులు దీని కింద పడుకున్నాడో మా మరదలికి తెలుసు, ఆవిణ్ణి అడగాలి” అన్నారు. సోమవారం చెబుతారట.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే, “హెడ్ దించితే ఎక్కడ పెడతావు? వాషింగ్ మెషీన్ మీద మాత్రం కాదు” అంది. కారు వద్దని మాత్రం అనలేదు. ప్రస్తుతానికి పీ79 హెడ్లు ఎవరు అమ్ముతున్నారో వెతుకుతున్నాను. సాక్రమెంటో దగ్గర ఒకటి ఉంది గానీ, పగుళ్లున్నాయో లేదో పరీక్ష చేయించలేదట.