హేయిన్సా కిటికీలు

దక్షిణ కొరియాలోని డేగు నగరంలో బస్సెక్కి గయా కొండ దగ్గర దిగాను. కొరియాలో గయ పేరు వినబడగానే ఎందుకో మనసు నిండింది. అక్కడి నుంచి పైన్ చెట్ల మధ్య ఎక్కుతూ పోతే హేయిన్సా అనే బౌద్ధ గుడి. నేను వచ్చింది గుడి వెనక ఎత్తున ఉన్న రెండు పొడవాటి కొట్ల కోసం. బౌద్ధుల పవిత్ర గ్రంథాలైన త్రిపిటకం మొత్తం చెక్కిన 81 వేలకు పైగా చెక్క పలకలు వాటిలోనే ఉన్నాయి. మొదట చెక్కినవాటిని 1232లో మంగోలులు తగలబెట్టారు. యుద్ధం నడుస్తుండగానే మళ్ళీ మొదటి నుంచీ చెక్కారట!

లోపలికి పోనివ్వలేదు. కిటికీ చెక్క ఊచలకు నుదురు ఆనించి చూశాను. కళ్ళు చీకటికి అలవాటుపడ్డాక, అరల్లో నల్లటి అంచులు వరసగా కనబడ్డాయి. ఒక్కోటి మూడు, నాలుగు కిలోలు. రెండు వైపులా అక్షరాలు, అచ్చు వేయడానికి వీలుగా తిరగేసి చెక్కినవి.

ఆ కిటికీల దగ్గరే చాలాసేపు ఉండిపోయాను. ముందు గోడకు కింది కిటికీలు పెద్దవి, పైవి చిన్నవి. వెనక గోడకు పైవే పెద్దవి. గాలి కింద నుంచి దూరి, అరలన్నీ తిరిగి, వెనక పై నుంచి వెళ్ళిపోతుంది. నేల మట్టిలో బొగ్గు, ఉప్పు, సున్నం కలిపారు. తేమ ఎక్కువైతే అదే పీల్చుకుంటుంది. 15వ శతాబ్దంలో కట్టిన కొట్లు ఇవి. యునెస్కో 1995లో కొట్లను, 2007లో పలకలను గుర్తించింది.

మా తాతయ్య వైద్యం రాసుకున్న తాటాకుల కట్ట గుర్తొచ్చింది. వంటింటి అటక మీద, పొయ్యి పొగలో ఉన్నన్నాళ్ళూ దానికి పురుగు పట్టలేదు. డాబా కట్టాక భద్రంగా ఉంటుందని గోడ బీరువాలో పెట్టి తాళం వేశాం. నాలుగేళ్ళకు తీస్తే దాదాపు అంతా చెదల మట్టే. గాలి ఆడని చోట పెట్టామని ఊచల పక్కన నిలబడ్డాకే అర్థమైంది.

1951లో, కొరియా యుద్ధం రోజుల్లో, ఈ కొండల్లో గెరిల్లాలు దాక్కున్నారని బాంబులు వేయమంటే, కిమ్ యంగ్‌హ్వాన్ అనే వైమానిక దళ అధికారి వేయనన్నాడు. దిగేటప్పుడు ఆయన్నే తలుచుకున్నాను.

బస్సులోంచి నాన్నకు ఫోన్ చేశాను. చెదలు తినకుండా వదిలిన తాటాకులు ట్రంకుపెట్టెలో ఆరో ఏడో ఉన్నాయట.

"ముందు బయటికి తీసి నీడన పెట్టు నాన్నా, ఎండలో వద్దు. నేనొచ్చాక హైదరాబాదు తీసుకెళ్ళి లిఖిత గ్రంథాలయంలో చూపిద్దాం" అన్నాను.

"ఇప్పుడే తీస్తానుండు" అన్నాడు. పెట్టె మూత కిర్రుమనడం వినబడింది.