కొండమీది మంచును తూచిన లాటిన్ మాస్టారు

మన డెల్టాలో మంచు అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున నారుమళ్ల మీద పరుచుకునే తెల్లటి తెర. పొద్దెక్కితే కనబడదు. దాన్ని తూకం వేయాలన్న ఆలోచన ఇక్కడ ఎవరికీ రాదు. గోదావరికి మంచుకొండల అండ లేదు. త్ర్యంబకం నుంచి దవళేశ్వరం దాకా అంతా వాన నీరే. అయినా దాళ్వాకు, అంటే రెండో పంటకు, ఎన్ని ఎకరాలకు నీరివ్వగలమని ఏటా లెక్కలు వేసుకునే ఈ నేల మీద జేమ్స్ ఎడ్వర్డ్ చర్చ్ గురించి తెలుసుకోవాలి. నారు పోయకముందే పైన ఎంత నీరు నిలవ ఉందో చెప్పే పనికి పద్ధతి నేర్పినవాళ్లలో ఆయనదే మొదటి వరస.

1869లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టాడు. పాఠం చెప్పింది లాటిన్, గ్రీకు సాహిత్యం. డాక్టరేట్ జర్మనీలోని మ్యూనిక్‌లో. ఉద్యోగం నెవాడా విశ్వవిద్యాలయంలో, రీనో ఊళ్లో. ఆ ఊరికి నైరుతిలో పదివేల ఏడువందల అడుగులు దాటిన మౌంట్ రోజ్ ఉంది. 1895 చలికాలంలో దాన్ని ఎక్కాడు. తర్వాత పదేళ్లకు శిఖరం మీద వాతావరణ పరికరాలు పెట్టించి, వాటి కోసం మంచులో పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నాడు.

ఆయన్ని నీటి లెక్కల్లోకి దించింది ఆ దగ్గర్లోని టాహో సరస్సు తగాదా. ఆ సరస్సు నీరు బయటికి పోయేచోట చిన్న ఆనకట్ట ఉంది. దాని గేట్ల చేతిలో ఉన్నది పైనున్న సుమారు ఆరడుగుల నీరు మాత్రమే. గట్టుమీద ఇళ్లున్నవాళ్లు మట్టం పెరిగితే ఒప్పుకోరు. కింద ట్రకీ నది మీద కరెంటు తీసేవాళ్లకూ, పొలాలు తడుపుకునేవాళ్లకూ నిండుగా ఉండాలి. గేట్లు ముందే ఎత్తితే వేసవికి నీరుండదు, ఆలస్యంగా ఎత్తితే మంచు కరిగి గట్లు మునుగుతాయి. బ్యారేజి దగ్గర వరద రోజుల్లో గేట్ల గొడవ చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మంచు కరిగితే సరస్సు ఎంత పెరుగుతుందో వసంతానికి ముందే తెలిస్తే, నీటిని నిదానంగా వదిలేయవచ్చు. 1910-11లో చర్చ్ చేసి చూపించింది ఇదే.

మంచు లోతు కొలిస్తే చాలదు. కొత్తగా పడ్డ మంచు దూది లాంటిది. పది అంగుళాలు కరిగితే ఒక అంగుళం నీరు కూడా రాకపోవచ్చు. చలికాలం చివరికి అది తన బరువుకు తానే అణిగి, అదే పది అంగుళాల్లో నాలుగు అంగుళాల నీరు దాచుకుంటుంది. కాబట్టి తూచాలి. ఆయన తయారుచేసిన మౌంట్ రోజ్ గొట్టం పని అదే: అడుగున పళ్లున్న కోత అంచు, పొడవునా చీలికలు, పైన అంగుళాల గుర్తులు. దాన్ని నిటారుగా దించి, తిప్పుతూ నేల తగిలేదాకా పోనివ్వాలి. చీలికల్లోంచి లోపలి మంచు దిమ్మ పొడవు చూసుకోవాలి. పైకి తీశాక అడుగున మట్టి ముద్ద కనబడితేనే గొట్టం నేలదాకా పోయినట్టు. ఆ మట్టి గీకేసి, దాని పొడవును లోతులోంచి తీసేసి, గొట్టాన్ని స్ప్రింగు తక్కెడకు వేలాడదీయాలి.

ఇందులో ఒక తెలివి ఉంది. తర్వాత స్థిరపడ్డ గొట్టంలో కోత అంచు లోపలి వ్యాసం 1.485 అంగుళాలు. ఆ కొలత ఉంటే ఒక ఔన్సు మంచు ఒక అంగుళం నీటికి సమానం. ఖాళీ గొట్టం బరువు తీసేస్తే మిగిలిన ఔన్సులే అంగుళాలు. లోతు 60 అంగుళాలు, బరువు 24 ఔన్సులు వస్తే 24 అంగుళాల నీరు, సాంద్రత 40 శాతం. చేతి గ్లవుసులతో, వణుకుతూ, గుణకారాలు లేకుండా రాసుకునేలా కుదిర్చారు. ఇదొక్కటి చూసినా పొలంలో పనిచేసే మనిషి మీద గౌరవం తెలుస్తుంది.

తప్పులూ ఉంటాయి. ఎండలో వేడెక్కిన గొట్టాన్ని చల్లటి మంచులో దించితే మంచు లోపల అతుక్కుని, కింద పొరలు లోపలికి రాకుండా పక్కలకు తోసుకుపోతాయి. దిమ్మ పొట్టిగా వస్తుంది, బరువు తగ్గుతుంది. గొట్టానికి మైనం రాస్తారు, నీడలో ఉంచుతారు. దిమ్మ పొడవు లోతుకంటే మరీ తక్కువైతే ఆ కొలత పారేసి పక్కన మళ్లీ తీస్తారు. పళ్లు మొద్దుబారితే మంచు గడ్డలు చితికి ఎక్కువ లోపలికి దూరి బరువు పెరుగుతుంది. అందుకే ఒకచోట తూచి నమ్మరు. ఒకే బాట మీద పదిచోట్ల తీసి సగటు కడతారు.

ఆయన అసలు గొప్పతనం మాత్రం గొట్టంలో లేదు, ఆ బాటలో ఉంది. కొండల మీద ఉన్న మంచు మొత్తం ఎన్ని ఘనపుటడుగులని లెక్కగట్టబోతే ఎవరివల్లా కాదు. గాలి ఒకచోట గుట్ట పోస్తుంది, ఒకచోట నేల తేలుస్తుంది. చర్చ్ ఆ మొత్తాన్ని వదిలేశాడు. ఏటా అదే బాట, అదే పాయింట్లు, దాదాపు అదే తేదీ, మామూలుగా ఏప్రిల్ 1. ఈ ఏడు బాట మీద నీరు మామూలు ఏడాదిలో ఉండేదాంట్లో 80 శాతం ఉంటే, నదిలోకి వచ్చేదీ దాదాపు 80 శాతమే. దీన్నే శాతం పద్ధతి అన్నారు. ముందు వచ్చిన శరత్కాలంలో నేల ఎండిపోయి ఉంటే కరిగిన నీరు ముందు మట్టి తాగేస్తుంది. వసంతంలో వాన పడితే లెక్క మించిపోతుంది. ఈ రెండూ సరిచూసుకోకుండా శాతం చెప్పడం తొందరపాటు.

అడవి గురించి ఆయన చూసింది కూడా విలువైనదే. దట్టమైన అడవిలో మంచు కొమ్మల మీదే ఆగి ఆవిరైపోతుంది, బయలులో గాలీ ఎండా తినేస్తాయి. మధ్యమధ్య చిన్న ఖాళీలున్న అడవి, అదీ చుట్టూ చెట్ల నీడ నేలమీద పడేంత చిన్న ఖాళీలున్నది, మంచును ఎక్కువ రోజులు నిలుపుతుంది.

ఆయన పద్ధతి మీదే 1935లో అమెరికా కేంద్ర ప్రభుత్వం పడమటి రాష్ట్రాల మంచు సర్వేను చేపట్టింది. ఇప్పుడు చాలాచోట్ల నేలమీద పరిచిన, ద్రవం నింపిన దిండు లాంటి సంచులు పైన పడ్డ మంచు బరువును గంటగంటకూ పంపుతాయి. అయినా గొట్టాలు మూలన పడలేదు. 1947లో మన ప్రభుత్వం పిలిస్తే, డెబ్బై ఎనిమిదేళ్లకు దగ్గరలో హిమాలయాల్లో మంచు సర్వేలు మొదలుపెట్టడానికి వచ్చాడు. 1959లో పోయాడు. మౌంట్ రోజ్ ఉత్తరపు శిఖరానికి ఆయన పేరే ఉంది.

డెల్టాకు సరిపోయేది ఆ బాట సంగతే. మన దాళ్వాకు గోదావరి సహజ ప్రవాహంతో పాటు బలిమెల, డొంకరాయి నిలవలే ఆధారం. సీలేరు నీరు శబరిలో కలిసి కూనవరం దగ్గర గోదావరిలోకి వస్తుంది. ఆ జలాశయాల నిలవ ఎన్ని టీఎంసీలన్న అంకె ఒక్కటే వింటే శివారు రైతుకు ఏమీ తేలదు. డిసెంబరు 1న ఆ నిలవ గత పదేళ్ల సగటులో ఎంత శాతమో, అదే రోజు దవళేశ్వరం దగ్గరికి వచ్చే ప్రవాహం ఎంత శాతమో పక్కపక్కన రాసుకోవాలి. తేదీ మారకూడదు. దాంతోపాటు మీ బోదె తూము దగ్గర రాయి మీద ఒక గీత గీసి, నీరు వదిలిన పదో రోజున ఆ గీతకు ఎన్ని అంగుళాలు కింద ఉందో ఏటా ఒకే నోటుబుక్కులో రాయండి. నాలుగైదేళ్లు నిండేసరికి, నారు ఎంత మేరకు పోయాలో ఆ పేజీలే చెబుతాయి.