దూట కూర తిని, పిలక తెచ్చుకున్న ప్రయాణం

ఇంటర్ బైపీసీలో నేను గీసినన్ని కాండం అడ్డుకోతలు మా బ్యాచ్‌లో ఇంకెవరూ గీసి ఉండరు. ద్విదళబీజమైతే నాళికాపుంజాలు (నీళ్లూ తిండీ మోసే నాళాల కట్టలు) వలయంగా పేర్చినట్టు, ఏకదళబీజమైతే చల్లినట్టు. నడిమధ్యలో ఒక బాణం గీసి, పక్కన 'దవ్వ' అని గుండ్రటి అక్షరాలతో రాసేవాణ్ణి. రికార్డుకి ఇరవైకి ఇరవై వచ్చాయి. ఇంత చేసీ, ఒక్క కాండాన్ని కూడా నా చేత్తో కోసి చూసిన పాపాన పోలేదు. ఎంసెట్ పోయింది, వేరే ఉద్యోగం వచ్చింది, దవ్వ అన్న మాటే మర్చిపోయాను.

మొన్న ఆగస్టులో సెలవులు కలిసొస్తే రావులపాలెం దగ్గర మా మేనత్త వాళ్లింటికి బయల్దేరాను. కడియంలో బాల్కనీకి నాలుగు మొక్కలు కొనుక్కుందామని కూడా ఒక ఆశ. గౌతమి ఎక్స్‌ప్రెస్ కొవ్వూరు దాటి వంతెన ఎక్కేసరికి ఇంకా సరిగా తెల్లవారలేదు. కింద గోదావరి నిండుగా, ఎర్రటి నీళ్లతో ఉంది. రాజమండ్రి స్టేషన్‌కి మా బావ కారేసుకొచ్చాడు.

వేమగిరి దాటాక కడియపులంక దాకా రోడ్డుకి రెండు పక్కలా మొక్కలే. ఒక నర్సరీ ముందు కారాపి లోపలికెళ్లాం. ముందుగా నా కళ్లు పడింది 'లక్కీ బాంబూ' మీద. గాజు గిన్నెలో, మెలికలు తిరిగి, ముద్దొచ్చేలా ఉంది. తీరా అడిగితే అది వెదురే కాదట, డ్రసీనా జాతి మొక్క. ఆ మెలికలు కూడా పుట్టుకతో వచ్చినవి కావు. వెలుతురు ఒక వైపు నుంచే పడేలా పెట్టి, దిక్కు మారుస్తూ పోతే కాండం వెలుతురు కేసి వంగుతూ అలా చుట్టలు తిరుగుతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతని వీళ్లు వ్యాపారం చేసుకున్నారనుకున్నాను.

లోపల షెడ్డులో అరడజను మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని మామిడి అంట్లు కడుతున్నారు. వాళ్ల చేతుల వేగం చూసి అక్కడే ఆగిపోయాను. టెంక నుంచి మొలిచిన మొక్కని జానెడెత్తులో నరికి, మోడుని నడిమికి చీలుస్తారు. మంచి రకం చెట్టు నుంచి తెచ్చిన పుల్లని రెండు పక్కలా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దిగేసి, ప్లాస్టిక్ పట్టీ బిగించి చుట్టేస్తారు. ఒక్కోటీ నిమిషం కూడా పట్టడం లేదు. నేను వంగి చూస్తుంటే ఒక పెద్దావిడ పుల్ల తొక్కని గోటితో గీరి చూపించింది. తొక్కకీ లోపలి చెక్కకీ మధ్య తడిగా, జారుగా, లేతాకుపచ్చ పొర ఒకటుంది.

"ఈ పచ్చీ ఆ పచ్చీ కలవాలండి. కలవలేదనుకోండి, ఎంత బిగించినా ఎండిపోద్ది."

నేను రికార్డులో ఒక సన్నటి గీతగా గీసి 'కేంబియం' అని పేరు పెట్టినది ఇదే. ఈ పొర లోపలి వైపుకి దారువునీ, బయటి వైపుకి పోషక కణజాలాన్నీ తయారుచేస్తూ పోతుంది. చెట్టు లావెక్కేది దీని వల్లే. రెండు మొక్కలు అతుక్కునేదీ దీని వల్లే.

పక్కనే జామకి గాలి అంట్లు కట్టి ఉన్నాయి. కొమ్మ చుట్టూ అంగుళం మేర తొక్క ఉంగరంలా తీసేసి, నాచు పెట్టి పాలిథీన్ చుట్టారు. వేళ్ల నుంచి నీళ్లు లోపలి చెక్క గుండా పైకెళ్తాయి కాబట్టి కొమ్మ ఎండదు. ఆకులు వండిన తిండి మాత్రం తొక్క గుండా కిందికి దిగాలి. దిగే దారి తెగిపోయింది కనక అక్కడే పోగుపడి, గాయం పై అంచు ఉబ్బి, వేళ్లు పుట్టుకొస్తాయి. పాలిథీన్ లోంచి తెల్లటి వేళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.

"మరి కొబ్బరికి అంటు కట్టరా అండీ?" అని అడిగాను, తెలివైన ప్రశ్న వేసినట్టు.

షెడ్డు మొత్తం నవ్వింది. "కొబ్బరికి అంటేటండీ బాబూ, కాయ పాతెయ్యడవే!"

ఎందుకు కట్టరో మర్నాడు అత్తయ్య వాళ్ల దొడ్లో తెలిసింది. పెరటి మామిడి చెట్టు మీద మా బావ ఆరో తరగతిలో చాకుతో తన పేరు చెక్కాడు. అప్పుడు వాడి గుండెల ఎత్తులో ఉండేదట. ఇప్పుడు చెట్టు డాబా దాటిపోయింది, పేరు మాత్రం అదే ఎత్తులో ఉంది. కొలిచి చూశాం, నా నడుముకి కాస్త పైన. చెట్టు పొడవు పెరిగేది చిటారు కొసల్లోనే తప్ప మధ్యలో సాగదు. కానీ అక్షరాలు అడ్డంగా సాగి, పెదవులు విచ్చినట్టు ఉబ్బి, 'ర' కాస్తా 'ఠ' లాగా అయిపోయింది. లోపల ఆ పచ్చి పొర ముప్పయ్యేళ్లుగా ఆపకుండా పనిచేస్తోంది మరి.

నాలుగడుగుల అవతల కొబ్బరి చెట్టు. ఎప్పుడో దింపు కోసం ఎక్కడానికి నరికిన గాట్లు దాని మీద మెట్లలా ఉన్నాయి. మావయ్య చిన్నప్పటివట. ఒక్కటి కూడా పూడలేదు, నిన్న కొట్టినట్టే ఉన్నాయి. కొబ్బరిలో ఆ పచ్చి పొర లేదు. అందుకే గాయం పూడదు, అంటు కుదరదు, ఒకసారి పైకి లేచిన మాను ఇక లావెక్కదు. మొదటి నాలుగైదేళ్లూ మొక్క మొదలు పోసుకునే పనిలోనే ఉంటుంది. కావలసిన లావు వచ్చాకే మాను పైకి లేస్తుంది. ఆపైన బతుకంతా మొవ్వు మీదే. కొమ్ము పురుగు మొవ్వు దాకా తొలిచేసిందా, ఇంకో చిగురు ఉండదు, చెట్టు అయిపోయినట్టే.

మాను మీది వలయాలు చూసి నేను వయసు లెక్కపెట్టబోతే మావయ్య ఆపారు. "అవి ఏళ్లు కావురా, ఆకులు రాలిన మచ్చలు." బాగా కాసే చెట్టు ఏడాదికి సుమారు 12 ఆకులు వేస్తుంది. మచ్చలు లెక్కపెట్టి పన్నెండుతో భాగిస్తే ఒక అంచనా వస్తుంది. నేను డెబ్బైదాకా లెక్కపెట్టి మెడ పట్టేసి మానేశాను.

అదే వరసలో ఇంకో చెట్టు చూపించారాయన. మాను నిటారుగా వెళ్తూ వెళ్తూ ఇరవై అడుగుల ఎత్తులో ఎవరో మెడ నొక్కినట్టు సన్నబడి, మళ్లీ మామూలు లావుకొచ్చింది.

"96 తుఫాను."

1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ మీదికొచ్చిన తుఫాను సంగతి ఈ ప్రాంతంలో ఎవర్ని కదిపినా చెప్తారు. తోటలకి తోటలు పడిపోయాయి. మావయ్య తోటలో మూడొంతులు పోయాయి. ఈ చెట్టుకి మట్టలన్నీ విరిగి మొవ్వు మాత్రం మిగిలింది. ఆకు లేక, తిండి లేక రెండేళ్ల పాటు అది వేసుకున్న మాను అంత సన్నం. మామిడి అయితే తర్వాత పూడ్చుకునేది. కొబ్బరికి ఆ వీలు లేదు. ఆ రెండేళ్లూ ఆ ఎత్తులో అలాగే నిలిచిపోయాయి. ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తాను గానీ, వెనక్కి చూస్తే మావయ్య అప్పటికే పశువుల పాక వైపు నడిచెళ్లిపోతున్నారు.

పాకకి తాటి దూలాలు. వాటిలో ఒకటి విరిగి, అడ్డంగా తెగిన ముఖం కనిపిస్తోంది. టేకు దుంగలో చేవ నడిమధ్యన, ముదురు రంగులో ఉంటుంది. తాటిది తిరకాసు. చేవంతా బయటి వైపున, నల్లటి పీచుచుక్కలు కిక్కిరిసి, మేకు దిగనంత గట్టిగా ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ ఆ చుక్కలు పలచబడి బెండులా మెత్తబడుతుంది. నేను 'చల్లినట్టు' గీసిన నాళికాపుంజాలు అవే చుక్కలు. మా పుస్తకంలో బొమ్మ మొక్కజొన్నది. దాని బదులు ఈ దూలం ముక్క చూపించి ఉంటే నాకు జన్మలో మర్చిపోవడం ఉండేది కాదు.

మధ్యాహ్నం అత్తయ్య వంటింట్లో ఇంకో పాఠం. ముందురోజు గెల కొట్టిన అరటి బోదెని బావ ముక్కలుగా నరికి తెచ్చాడు. నేనొక్కో పొరా ఊడదీస్తూ కూర్చున్నాను. ఉల్లిపాయలా పొర మీద పొర. ప్రతి పొరా ఒక ఆకు తాలూకు అడుగు భాగమే. లోపల తేనెపట్టులా గదులు, వాటినిండా గాలి, నీళ్లు. ఇంటెత్తు అరటిచెట్టుకి మనం మాను అనుకునేది మాను కాదు, ఆకుల కట్ట. అసలు కాండం నేలలో ఉండే దుంప. గెల వేసే వేళకి ఆ దుంప కొసే ఈ ఆకుల గొట్టం మధ్యలోంచి పైకి పాకి, నెత్తిన పువ్వుగా బయటపడుతుంది. పొరలన్నీ తీశాక మిగిలిన తెల్లటి, మణికట్టంత లావు కడ్డీ అదే.

"దూట" అంది అత్తయ్య. "మా అమ్మ దవ్వ అనేది."

నాకు చప్పున రికార్డు గుర్తొచ్చింది. పుస్తకంలో దవ్వంటే కాండం నడుమ ఉండే మెత్తటి భాగం. నానమ్మ దవ్వ అంటే ఏకంగా కాండమే. పంతాలకి పోకుండా కోయడానికి కూర్చున్నాను. చక్రాలుగా తరుగుతుంటే సాలెగూడులా నార సాగుతుంది. ఆ నారని చూపుడువేలికి చుట్టుకుంటూ లాగెయ్యాలి. తరిగినవి తరిగినట్టే మజ్జిగ నీళ్లలో వెయ్యాలి, లేకపోతే నల్లబడతాయి. ఆవ పెట్టి వండిన ఆ కూర గురించి ఎక్కువ చెప్పను. మూడుసార్లు వడ్డించుకున్నాను. కొత్త చొక్కా మీద అరటి జిగురు మరకలు ఇప్పటికీ పోలేదు, మా ఆవిడ ఆ సంగతి మర్చిపోనూ లేదు.

మూడోరోజు పొద్దున్నే బయల్దేరుతుంటే మావయ్య గునపంతో చక్కెరకేళి పిలక ఒకటి తవ్వి తెచ్చారు. ఆకులు సన్నగా కత్తుల్లా ఉన్న పిలకే తవ్వాలట, వెడల్పాకుల పిలక మంచి గెల వెయ్యదట. గోనెలో పట్టడం కోసం పైభాగం కత్తితో ఒక్క వేటుకి సాపుగా నరికేశారు. "చచ్చిపోదా మావయ్యా?" అన్నాను. "దుంప ఉంది కదరా" అన్నారు.

రైలు రాత్రికి గనక పగలు మారేడుమిల్లి చూసొద్దామని వెళ్లాం, రాజమండ్రి నుంచి 85 కిలోమీటర్ల పైచిలుకు. రంపచోడవరం దాటాక గాలి చల్లబడింది. అక్కడ అందరూ ఆగేది బొంగు చికెన్ కోసం, మేమూ ఆగాం. పచ్చి వెదురుని ఒక పక్క కణుపు మూసి ఉండేలా నరికి, మసాలా పట్టించిన కోడి కూరి, మూతికి ఆకులు దోపి నిప్పుల మీద పెడతారు. నూనె, నీళ్లు వెయ్యరు. వెదురులోని చెమ్మే ఉడికిస్తుంది. ఎండు బొంగు అయితే కూరకంటే ముందు అదే కాలిపోతుంది.

కోడి కన్నా నాకు నచ్చింది రోడ్డు పక్కన గిరిజన ఆడవాళ్లు అమ్ముతున్న వెదురు కొమ్ములు. వానాకాలంలో నేలలోంచి పొడుచుకొచ్చే మొలకలవి. ఒకటి కొని, బావ చాకుతో నిలువుగా చీల్చాను. లోపల అడ్డగోడలు దగ్గరదగ్గరగా, మెట్లలా పేర్చి ఉన్నాయి. రేపు నలభై యాభై అడుగులు లేచే గడకి ఉండాల్సిన కణుపులన్నీ మూరెడు మొలకలో ముందే సిద్ధం. కణుపుకీ కణుపుకీ మధ్య సాగడమే మిగిలింది, ఆ పని ఒక్క వానాకాలంలోనే అయిపోతుంది. లావు మాత్రం నేలలోంచి వచ్చినప్పుడు ఎంతో అంతే. తర్వాత ఏళ్లలో గట్టిపడుతుందే తప్ప ఒడ్డు పెరగదు.

ఇంతా చేసి వెదురు గడ్డి జాతి. మన 1927 అటవీ చట్టం మాత్రం దాన్ని చెట్ల జాబితాలో కలిపేసింది. అడవి బయట సొంత పొలంలో పెంచుకున్న వెదురుని ఆ జాబితాలోంచి తీసెయ్యడానికి 2017 దాకా పట్టింది. బావకి ఇది చెప్తే, "తొంభై ఏళ్లు పట్టిందా గడ్డిని గడ్డి అనడానికి!" అని స్టీరింగ్ మీద కొట్టి నవ్వాడు.

రాత్రి రాజమండ్రిలో రైలెక్కి గోనెని బెర్త్ కిందికి తోశాను. పొద్దున సికింద్రాబాద్‌లో దిగాక, తడి ఆరిపోయిందేమోనని మూతి విప్పి చూశాను. మావయ్య నరికిన ముఖం చుట్టూ నల్లబడి ఎండిపోయింది. నడిమధ్యన మాత్రం, నిన్న సాపుగా ఉన్నచోట, చుట్ట చుట్టుకున్న లేతాకు వేలెడు వెడల్పున బయటికి తన్నుకొచ్చి ఉంది. దాని కొస కూడా కత్తి వేటుకి సాపుగానే తెగి ఉంది.

ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ఏంటన్నా అది?" అన్నాడు ఆటో డ్రైవర్.

"అరటి కాండం" అన్నాను.

"ఆకులా కనపడ్తుంది" అన్నాడు.

"పైనున్నది ఆకే. కాండం గోనెలో ఉంది."

అద్దంలో నన్నొకసారి చూసి, మీటర్ వేశాడు.