రెండో పాస్‌లో చెడిన మర

మంగళవారం.

పొద్దున లేత్ ముందు నిలబడి, ఇవాళ్టితో పని అయిపోతుందనుకున్నాను. దాన్ని నడిపే పాత కంట్రోలర్ బ్యాటరీ చచ్చిపోయి సెట్టింగులన్నీ తుడిచిపెట్టుకుపోయినా, బెడ్, టూల్‌ని కదిలించే బాల్‌స్క్రూలు చెక్కుచెదరలేదు. అందుకే ఆ కంట్రోలర్‌ని పీకేసి, కంప్యూటర్‌తో యంత్రాన్ని నడిపే లినక్స్‌సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్ పెట్టాను. మోటార్లను తిప్పే పాత సర్వో డ్రైవులకు ప్లస్ మైనస్ 10 వోల్టుల సిగ్నల్ అందితే చాలు, ఎవరు పంపారని అడగవు. టూల్‌ని అడ్డంగా జరిపే ఎక్స్, పొడవునా జరిపే జెడ్ రెండూ నిన్ననే బుద్ధిగా కదిలాయి.

మిగిలింది త్రెడ్, అంటే మర కోయడం. 1.5 పిచ్, ముక్కని తిప్పే స్పిండిల్ 300 ఆర్‌పీఎం, మరని పాస్‌లుగా, అంటే విడతలుగా, కోసే జీ76 సైకిల్. మొదటి పాస్ చక్కగా పడింది. రెండో పాస్‌లో టూల్ ఆ గాడిని వదిలేసి పక్కన ఇంకోటి కోసింది. మూడోది మరో చోట. కోస్తున్న ముక్క చెత్తబుట్టలోకి.

మర కోయాలంటే టూల్ మళ్లీ మళ్లీ అదే గాడిలోకి దిగాలి. అందుకే ప్రతి పాస్‌కీ జెడ్, స్పిండిల్ తిరుగుడుని లెక్కపెట్టే ఎన్‌కోడర్ ఇచ్చే ఇండెక్స్ పల్స్ కోసం కాచుకుని, అది రాగానే బయల్దేరుతుంది. ఆ పల్స్ చుట్టుకి ఒక్కటే, ఒకే చోట రావాలి.

నా అనుమానమంతా కంప్యూటర్ మీదే. అది ఎంత ఆలస్యం చేస్తోందో చూసే లేటెన్సీ పరీక్ష మళ్లీ పెట్టి, పనులు వేళకి జరిపించాల్సిన రియల్‌టైమ్ కెర్నల్‌ని తిట్టుకుంటూ రెండు గంటలు తగలేశాను. పాపం, దాని తప్పేమీ లేదు.

చివరికి స్పిండిల్ కొసన ముక్కని పట్టుకునే చక్‌ని చేత్తో తిప్పి చూశాను. 1024 లైన్ల ఎన్‌కోడర్, లైనుకి నాలుగు చొప్పున లెక్కేస్తే ఇండెక్స్‌కీ ఇండెక్స్‌కీ మధ్య 4096 రావాలి. అచ్చంగా అంతే వచ్చింది. మోటార్ ఆన్ చేస్తే మాత్రం నోటికొచ్చిన అంకె. అంటే నాయిస్, సిగ్నల్‌లోకి చొరబడే విద్యుత్ గోల! క్యాబినెట్ తెరిస్తే, ఎన్‌కోడర్ కేబుల్‌నీ స్పిండిల్ మోటార్ కేబుల్‌నీ కలిపి ఒకే కట్టగా బిగించి ఉంది. నీట్‌గా కనిపిస్తుందని పోయిన వారం కట్టింది నేనే. ఎన్‌కోడర్ కేబుల్ చుట్టూ ఉండే లోహపు తొడుగుని, అంటే షీల్డ్‌ని, ఎర్త్ చేయడం కూడా మర్చిపోయాను.

రెండిటినీ దూరంగా వేరే దారుల్లో లాగి, షీల్డ్‌ని క్యాబినెట్ వైపు ఒక్క చివరే ఎర్త్ చేశాను. సాయంత్రం పన్నెండు పాస్‌లూ ఒకే గాడిలో పడ్డాయి. నట్ వేళ్లతోనే ఎక్కింది.

చెయ్యి మాత్రం ఇంకా ప్రోగ్రామ్ మొదలుపెట్టే పాత సైకిల్ స్టార్ట్ బటన్ ఉన్న చోటికే పోతోంది. అక్కడిప్పుడు ఉత్త కన్నం. రేపు దానికో బిళ్ళ బిగించాలి, లేకపోతే కూలెంట్ లోపలికి పోతుంది.