405 రోడ్డు మీద గడియకొక ధర

ఈసారి సెలవుకు తిరుపతి వచ్చి కొండకు బయలుదేరినప్పుడు, అలిపిరి తనిఖీ దగ్గర వాహనాల వరుసలో ఉండగా మా మామ నన్నొక ప్రశ్న అడిగారు. "ఏమిరా, రోడ్డు మీద పోయేదానికి దుడ్డు కట్టేది సరే, గడియకొక రేటు చెప్పేదేందిరా ఆడ?" ముందురోజు నా ఫోనులో అమెరికా టోల్ లెక్కలు ఆయన కంటబడ్డాయి. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టకపోతే జరిమానా వేసే ఘాట్ రోడ్డులో ఏళ్ల తరబడి ఆర్టీసీ బస్సు నడిపిన మనిషికి, త్వరగా పోవడానికి డబ్బు తీసుకునే దారి వింతగా తోచడం సహజమే.

నేను అమెరికాలో సియాటిల్ దగ్గర లిన్‌వుడ్‌లో ఉంటూ బెల్‌వ్యూలో పనిచేస్తున్నాను. ఈ రెండింటి మధ్య 405 నంబరు హైవే మీద 17 మైళ్ల ఎక్స్‌ప్రెస్ లేన్లను, అంటే డబ్బు కట్టి త్వరగా పోయే ప్రత్యేక వరుసలను, 2015 సెప్టెంబరులో తెరిచారు. అంతకుముందు ఇద్దరున్న కారు ఉచితంగా పోయే లేన్‌లో, రద్దీ వేళల్లో ముగ్గురుంటే తప్ప టోల్ కట్టక తప్పని పరిస్థితి వచ్చింది. లేన్ నిండేకొద్దీ బోర్డు మీద ధర పెరుగుతుంది. మనం మాత్రం లోపలికి వెళ్లేటప్పుడు చూసిన ధరే కట్టాలి. గంటకు 45 మైళ్ల వేగం నిలిచేలా కొందరిని బయటే ఆపడం ఈ ధర చేసే పని. 10 డాలర్లుగా ఉన్న గరిష్ఠ టోల్ 2024 మార్చిలో 15 అయింది.

"మన మూడువందల టికెట్ లైను మాదిరే గదా" అన్నారు మామ. పూర్తిగా అలా కాదు. తిరుమలలో రద్దీ పెరిగితే మూడువందల టికెట్ ఆరువందలు కాదు, టికెట్ల సంఖ్యకే హద్దు పెడతారు. 405 మీద హద్దు జేబుకే. తొమ్మిదింటికల్లా పనిలో ఉండాల్సిన గంటకూలీ మనిషికి ఆ బోర్డు తలుపు మూసినట్టే.

జేబులో డబ్బున్నవాడికైనా గిట్టుబాటవుతుందా అంటే, నా అనుభవం ఒకటి చెప్పాలి. మా పాపను చూసుకునే చోటు సాయంత్రం ఆరింటికి మూసేస్తారు. ఆలస్యమైతే నిమిషానికింతని వసూలు చేస్తారు. ఒక వానరోజు ఐదుంబావుకు బెల్‌వ్యూలో బోర్డు మీద 11 డాలర్ల 75 సెంట్లు చూసి, వేరే దారిలేక లేన్‌లోకి వెళ్లాను. మధ్యదారిలో ఉన్న బోథెల్ ఊరి దాకా హాయిగా సాగింది. అక్కడ రెండు ఎక్స్‌ప్రెస్ లేన్లు ఒకటిగా కుదించుకుపోతాయి. డబ్బు కట్టినవాళ్లమూ, కట్టనివాళ్లూ పక్కపక్కనే ఎర్ర లైట్ల వెనుక పాకుతూ పోయాం. ఆరూ నాలుగుకు చేరేసరికి, పాపకు కోటు తొడిగి, బూట్లు వేసి, తలుపు పక్కన చిన్న కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ పూట రెండుచోట్లా డబ్బు కట్టాను.

ఆ నెల లెక్క చూసుకున్న తరువాత రోజూ లేన్ ఎక్కడం మానేశాను. వేళ తప్పకూడని పనున్న పూట, అదీ రెండు లేన్లున్న బోథెల్-బెల్‌వ్యూ మధ్య, కట్టిన డబ్బుకు ఫలితముంది. అలవాటుగా కడితే జీతంలోంచి మరో వాయిదా పోయినట్టే. ముగ్గురం కలిసి పోదామని పక్కింటి ఇద్దరితో ప్రయత్నించాను గానీ, వారిలో కడప ఆయన ఏనాడూ చెప్పిన వేళకు కిందికి దిగలేదు.

చివరికి నాకు కుదిరింది 535 నంబరు బస్సు. అదే లేన్‌లో పోతుంది, ప్రయాణికుడు టోల్ కట్టడు. లేన్ల వల్ల నగరానికి మేలు జరిగిందా అని అడిగితే, కార్లలో కూర్చున్న మాకంటే ఆ బస్సెక్కినవాళ్లకే జరిగిందని అంటాను. బోథెల్ ఇరుకులో మాత్రం అదీ ఆగుతుంది. అక్కడ రెండో లేన్ వేసే పని నడుస్తోంది.

"బస్సుకు టోల్ లేదా?" అని మామ రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు. తరువాత ఆ డ్రైవరుకు డ్యూటీ ఎన్ని గంటలని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.