మూడు గ్లాసుల బియ్యం

మా బియ్యం డబ్బాలో ఒక స్టీలు గ్లాసు ఉంటుంది, అడుగున చిన్న సొట్టతో. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు దాన్ని నా చేతికిచ్చి "మనిషికి ముప్పావు గ్లాసు అమ్మాయ్, లెక్క తప్పకు" అన్నారు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఆ లెక్కన నలుగురికి మూడు గ్లాసులు. అబ్బాయి ఉద్యోగమని చెన్నై వెళ్ళాడు. 2023లో అమ్మాయి బీఫార్మసీ సీటొచ్చి హైదరాబాదు హాస్టల్లో చేరింది. ఇంట్లో మిగిలింది మేమిద్దరం. నా చెయ్యి మాత్రం అలవాటుగా మూడు గ్లాసులూ పోస్తూనే ఉంది.

వండింది పారేస్తామా? మా ఆయనకి ఇంకో గరిటె వేస్తాను, ఆయన చెయ్యి అడ్డం పెడతారు, అయినా వేస్తాను. మిగిలింది నేను తింటాను. అప్పటికీ మిగిలితే పొద్దున్నే తాలింపు వేసి అదీ మేమే తింటాం. గిన్నె అడుగు కనిపిస్తే కడుపు నిండినట్టు. ఇరవై రెండేళ్ళ కాపురంలో నాకు తెలిసిన గుర్తు అదొక్కటే.

కిందటేడు దసరా ముందు రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల షుగరు సగటు 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగరు ఇంకా రానట్టే, కానీ గుమ్మం దగ్గర నిలబడి చెప్పులు విప్పుతున్నట్టు అన్నారు డాక్టరు గారు. అన్నం తగ్గించి రాత్రికి చపాతీ తినమన్నారు.

చపాతీ సంగతి తెలిసిందే కదా. మొదటిరోజు నాలుగు తిన్నాను. తిన్నాక ఏదో వెలితి. చపాతీ తింటే టిఫిను చేసినట్టుంటుంది కానీ భోజనం చేసినట్టుండదు. అందుకని నాలుగు ముద్దలు పెరుగన్నం. రెండు నెలలు అలాగే సాగింది. నూనె ఖర్చు పెరిగింది, బరువు తగ్గలేదు.

అప్పుడు అమ్మాయి ఫోన్లో ఒక ప్రశ్న అడిగింది. "అమ్మా, నువ్వు తినడం ఎప్పుడు ఆపుతావు?" పెరుగన్నం అయిపోయాక అన్నాను. "అది కాదే. కడుపు నిండిందని నీకెలా తెలుస్తుంది?"

నిజంగా జవాబు తోచలేదు. పప్పు, కూర, చారు, పెరుగు, ఈ వరసలో పెరుగు దగ్గరికి రాకుండా లేస్తే భోజనం మధ్యలో లేచినట్టు. వరస అయ్యేసరికి లేవలేని స్థితి వస్తుంది. గోడకి చేరబడి, "హమ్మయ్య" అని, ఫ్యాను కింద కాసేపు కళ్ళు మూసుకోవాలి. నిండడమంటే అదే అనుకున్నాను. దానికి భుక్తాయాసం అని వేరే పేరుందని తెలియకనా? తెలుసు. తెలిసినా ఆ రెండూ ఒకటే అనుకుని బతికాను.

అమ్మాయి పాఠం పెట్టింది (పరీక్షలకి చదివింది నా మీద ప్రయోగిస్తుంది). కడుపు సాగినప్పుడు ఆ కబురు నరాల మీదుగా మెదడుకి పోతుందట. తిండి పేగుల్లోకి దిగాక "ఇక చాలు" అని చెప్పే హార్మోన్లు వేరే ఉన్నాయట. ఇదంతా అందడానికి ఇరవై నిమిషాల దాకా పడుతుందట. నేను భోజనానికి ఎంతసేపు కూర్చుంటానో ఫోన్లో టైము పెట్టి చూసుకున్నాను. ఎనిమిది నిమిషాలు. కబురు బయల్దేరేసరికి నేను చెయ్యి కడుక్కుంటున్నాను.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. ఫిబ్రవరి నుంచి సీజను మొదలైతే టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతూనే ఉంటాయి, కాటాలు పడుతూనే ఉంటాయి, రైతులు అమ్మకం లెక్క రాసిచ్చే పట్టీల కోసం నెత్తి మీద నిలబడి ఉంటారు. ఎడమచేత్తో కీబోర్డు, కుడిచేత్తో అన్నం. ఘాటుకి తుమ్ముతూ తింటాం. బాక్సులో ఏ కూర పెట్టుకున్నానో సాయంత్రానికి గుర్తుండేది కాదు. దీనికీ అమ్మాయి దగ్గర కథ ఉంది. 1998లో అమెరికాలో కొందరు పరిశోధకులు, జరిగింది జరిగినట్టు మరిచిపోయే జబ్బున్న ఇద్దరికి భోజనం పెట్టి, అరగంటలోపే మళ్ళీ పళ్ళెం పెడితే, వాళ్ళు మళ్ళీ తిన్నారట. తిన్నామన్న జ్ఞాపకం కూడా ఆకలిని ఆపుతుందన్నమాట. కంప్యూటరు ముందు తిన్న నాకు ఆ జ్ఞాపకం ఉండేది కాదు. నాలుగింటికి టీతో బిస్కెట్లు, ఆరింటికి ఇంటిదారిలో మిరపకాయ బజ్జీలు, ఇంటికొచ్చి వంట చేస్తూ మిక్చరు. రాత్రి పళ్ళెం ముందు కూర్చునేటప్పటికి అసలు ఆకలి ఉందో లేదో ఎవరికి తెలుసు?

సరే, తగ్గిద్దామని ఉత్సాహంగా మొదటివారం రాత్రి భోజనమే మానేశాను. నాలుగోరోజు రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. లైటు వేస్తే ఆయన లేస్తారని చీకట్లోనే జంతికల డబ్బా మూత తీశాను. జంతిక చప్పుడు కాకుండా నమలడం ఎలాగో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నానబెడదామని నోట్లోనే ఉంచుకుని నిలబడ్డాను. వంటింటి లైటు వెలిగింది. ఆయన గుమ్మంలో నిలబడి చూశారు. "నాకూ రెండివ్వు" అన్నారు.

మానేయడం నా వల్ల కాదని ఆ రాత్రే తేలిపోయింది. వంట చేసేముందే ఆకలి ఆవురావురుమనకుండా చూసుకుంటే నయం అనిపించి, సాయంత్రం అయిదింటికి కొట్లోనే గుప్పెడు శనగ గుగ్గిళ్ళు తింటున్నాను. దొరికిన రోజు జామకాయ. బజ్జీల బండి దగ్గర కాళ్ళు ఇంకా నెమ్మదిస్తాయి, అబద్ధం ఎందుకు, కానీ ఆగడం లేదు.

అసలు మార్పు తెచ్చింది చారుకీ పెరుగుకీ మధ్య ఆగడం. చారన్నం అయ్యాక పెరుగు గిన్నె దగ్గరికి లాక్కోకుండా ఊరికే కూర్చుంటాను, అయిదు నిమిషాలు. ఎంగిలి చెయ్యి ఎండబెట్టుకుని కూర్చోకూడదనేది మా అమ్మ. ఆవిడ చూస్తే తిట్టేది. మొదటిరోజు ఆ అయిదు నిమిషాలూ అరగంటలా గడిచాయి. వేళ్ళ మీద చారు ఎండి చర్మం బిగుసుకుంది. ఎదురుగా పెరుగు మీద మీగడ. ఏదో ఒకటి తెలుస్తుందని ఎదురు చూశాను, ఏమీ తెలియలేదు. బరువూ లేదు, ఆయాసమూ లేదు. మూడోరోజో నాలుగోరోజో తట్టింది, ఆ ఏమీ తెలియకపోవడమే గుర్తని. కూర్చునేటప్పుడు ఉన్న ఆకలి లేదు, అంతే. మొదటి ముద్దకున్న రుచి ఆఖరి ముద్దకి లేదు. చిన్న తేన్పు ఒకటి వస్తుంది, అదీ రోజూ రాదు. ఇంత నెమ్మదిగా చెప్తే నాకేం వినిపిస్తుంది? నేను కేక కోసం చూస్తున్నాను.

ఒక తిరకాసు ఉంది. మొహం మొత్తడం వేరు, కడుపు నిండడం వేరు. పెళ్ళి భోజనంలో పప్పు, పులిహోర చాలు బాబోయ్ అనుకున్నాక ఎవరో వేడి బూరె తెచ్చి విస్తట్లో వేస్తే, మధ్యలో నెయ్యి పోస్తే, చెయ్యి దానంతట అదే వెళ్తుంది. మొత్తింది పప్పు, బూరె కాదు. రుచి మారితే నోటికి మళ్ళీ కొత్తగా మొదలు. రోజూ చారు తర్వాత పెరుగు కావాలనిపించడంలోనూ కొంత ఇదే ఉందని నా అనుమానం. అందుకే ఇప్పుడు అయిదు నిమిషాలయ్యాక ఆకలి ఉంటే పెరుగన్నం, లేకపోతే ఒక గ్లాసు మజ్జిగ. మజ్జిగతో ముగిస్తే భోజనం పూర్తయినట్టే ఉంటుంది, పెద్దగా ఏమీ తిన్నట్టూ ఉండదు.

ఇక గ్లాసు. మూడు నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటిన్నరకి దింపేసరికి రెండు నెలలు పట్టింది. ఒకటిన్నర పోసిన మొదటిరోజు ఆ గిన్నె చూసి, ఎవరైనా వస్తే ఏం పెడతాననే టెన్షన్ వచ్చింది. ఎవరూ రాలేదు. మా ఆయన తిని లేచి "ఈ మధ్య నన్ను ప్రశాంతంగా తిననిస్తున్నావు" అన్నారు. ఇన్నేళ్ళూ చెయ్యి అడ్డం పెట్టినా వడ్డించినందుకు ఎత్తిపొడుపో, మెచ్చుకోలో నేను అడగలేదు.

మళ్ళీ పరీక్ష చేయిస్తే 5.9 వచ్చింది. గుమ్మం దిగలేదు, ఒక అడుగు వెనక్కి వేసింది.

మే నెలలో అమ్మాయి సెలవులకి వచ్చింది. ఆ వారమే ఆవకాయ కలిపాం. జాడీలోకి ఎత్తాక బేసిను అంచులకి పిండి, నూనె అంటుకుని ఉంటాయి కదా, అందులో వేడన్నం వేసి కలిపి ముగ్గురికీ ముద్దలు పెట్టాను. ఆరో ముద్ద దగ్గర అమ్మాయి నావంక చూసి "అమ్మా, నిండిందా?" అంది.

నిండింది, స్పష్టంగా తెలుస్తోంది. "తెలుస్తోందే" అని చెప్పి, బేసిను మూలనున్న వెల్లుల్లి రెబ్బ ఏరి ఏడో ముద్దలో పెట్టుకున్నాను.