భాష వేరు, ప్రాంతం వేరు

ఏ భాషలో కనిపించాలో, తేదీ ఎలా రాయాలో, అంకెల మధ్య కామా ఎక్కడ పెట్టాలో చాలా ప్రోగ్రాములు సొంతంగా నిర్ణయించుకోవు; కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రామైన ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి తెలుసుకుంటాయి. అది ఇచ్చే జవాబు ఒక చిన్న గుర్తు. 'టీఈ-ఐఎన్' అంటే భారతదేశపు తెలుగు, 'ఈఎన్-యూఎస్' అంటే అమెరికా ఇంగ్లీషు. ముందు భాగం భాషది, వెనుక భాగం ప్రాంతానిది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "ఎలాగూ ఇంగ్లీషే కదా" అని అమెరికా ఇంగ్లీషును ఎంచుకునేవారు ఆ వెనుక భాగాన్ని పట్టించుకోరు.

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే మిత్రుడొకరి కంప్యూటర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. నవంబరు 5 అనుకుని ఆయన పద్దులో 05/11/2024 అని కొడితే అది మే 11గా నమోదైంది. 13/11/2024 అని కొడితే, పదమూడో నెల లేదు కాబట్టి, తేదీగా మారకుండా ఉత్త అక్షరాలుగా గడిలో ఎడమ అంచుకు చేరింది. 12,34,567 రూపాయలు 1,234,567గా కనిపించాయి. భాషను ఇంగ్లీషుగానే ఉంచి, ప్రాంతీయ ఫార్మాట్‌ను భారతదేశానికి మార్చాక కొత్త పద్దులు సరిగ్గా పడుతున్నాయి. కానీ అప్పటికే మే నెలలోకి వెళ్లిపోయిన తేదీలు వాటంతట అవి వెనక్కి రావు. కాగితపు చిట్టాతో పోల్చి ఒక్కొక్కటే దిద్దుకోవలసి వచ్చింది. ఇన్‌స్టాల్ చేసే ప్రతి ప్రోగ్రామూ భాష ఏది, ప్రాంతం ఏది అనే రెండు ప్రశ్నలనూ విడివిడిగా అడగాలని నేను గట్టిగా కోరుకునేది ఇందుకే.

లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ విభజన ఇంకా స్పష్టంగా ఉంటుంది. అన్నిటికీ కలిపి పెట్టే 'ఎల్‌సీ ఆల్' అనే అమరిక ఉంటే అదే చెల్లుతుంది. లేకపోతే తేదీలకు 'ఎల్‌సీ టైమ్', డబ్బుకు 'ఎల్‌సీ మానిటరీ' వంటివి, అవీ లేకపోతే 'లాంగ్' చెల్లుతాయి. ఏదీ లేనప్పుడు 'సి' అనే మూల అమరిక మిగులుతుంది; అందులో నెలల పేర్లు ఇంగ్లీషులోనే వస్తాయి.

వెబ్‌సైట్లకు బ్రౌజర్ ప్రతి అభ్యర్థనతోపాటు మనకు కావలసిన భాషల జాబితాను ప్రాధాన్య క్రమంలో పంపుతుంది. అది చేతిలో ఉండగా నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తించే ఐపీ చిరునామాను బట్టి ఊరిని ఊహించి, ఆ ఊరిని బట్టి భాషను ఊహించడం నాకు సమ్మతం కాదు. ఐపీ చాలాసార్లు మన ఊరిని కాక, నెట్ కనెక్షన్ ఇచ్చిన సంస్థ ఉన్న నగరాన్ని చూపుతుంది. ఊరిని సరిగ్గా పట్టుకున్నా, తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపించే ఆదోనిలో ఎవరి ఇంటి భాష ఏదో దానికెలా తెలుస్తుంది? 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి ఫోన్‌లో భాషలను వరుసగా పేర్చుకోవచ్చు. మొదటి భాష యాప్‌లో లేకపోతే సిస్టమ్ తరువాతి భాషను వెతుకుతుంది. కన్నడం మొదట, తెలుగు తరువాత పెట్టుకున్న ఆదోని మనిషికి, కన్నడం లేని యాప్ తెలుగులో తెరుచుకుంటుంది.